ఆగస్టు 1 తర్వాత: సైకిల్ రేసుల్లో రైడర్లు జట్లు మారే కథ

(సైకిల్ రేసింగ్ అభిమానుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దున రైడ్ ముగించుకుని, ఇంటికి కూడా పోకుండా నేరుగా ఇక్కడికే వచ్చినవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. సంతోషం. టీవీలో రేసు చూసేటప్పుడు మనం పెద్దగా పట్టించుకోని ఒక సంగతి గురించి ఇవాళ మాట్లాడతాను. రైడర్లు ఒక జట్టు వదిలి ఇంకో జట్టులో ఎలా చేరతారు, ఆ సంతకాల వెనక ఏం నడుస్తుంది, అవి రోడ్డు మీద గెలుపోటముల్ని ఎలా తేలుస్తాయి అన్నది నా విషయం.

టూర్ డి ఫ్రాన్స్ జులైలో మూడు వారాలు నడుస్తుంది కదా. అది అయిపోయిన కొద్ది రోజులకే ఆగస్టు 1 వస్తుంది. వచ్చే ఏడాది ఎవరు ఏ జట్టుకి వెళ్తున్నారో ఆ తేదీకి ముందు ప్రకటించకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నియమం. కాంట్రాక్టులు జనవరి 1న మొదలై డిసెంబరు 31న ముగుస్తాయి. కాగితం మీద నియమం అలా ఉన్నా, బేరాలు వసంతకాలపు రేసుల నాటికే మొదలైపోతాయి. టూర్ నడుస్తుండగానే చాలామంది సంగతి తేలిపోయి ఉంటుంది. అంటే ఒక రైడర్ ఈ ఏడాది ఎవరి కోసం గాలికి ఎదురొడ్డి తొక్కుతున్నాడో, వచ్చే ఏడాది వాళ్ల మీదే పోటీకి దిగబోతున్నాడు. ఆ సంగతి తనకీ తెలుసు, పక్కన తొక్కేవాళ్లకీ తెలుసు. అయినా నోరు విప్పరు.

డిసెంబరులో జట్లు స్పెయిన్ తూర్పు తీరంలో, కాల్పే, డేనియా చుట్టుపక్కల, శిక్షణ శిబిరాలు పెట్టుకుంటాయి. కొత్తగా చేరినవాళ్లూ అక్కడికి వస్తారు. సైకిల్ కొత్తది, పక్కనున్న మనుషులు కొత్తవాళ్లు. ఒంటి మీద మాత్రం పాత జట్టు బట్టలో, ఏ పేరూ లేని సాదా బట్టలో ఉంటాయి. జనవరి 1 దాకా అంతే.

మనకి ఆటగాళ్లు జట్లు మారడం అనగానే ఐపీఎల్ వేలం గుర్తొస్తుంది. ఒక్కొక్కరి ధర కోట్లలో టీవీ మీదే కనబడుతుంది. సైక్లింగ్‌లో వేలం లేదు. జట్టు మొత్తం జీతాలు ఇంతకి మించకూడదన్న పరిమితి కూడా లేదు. ఫుట్‌బాల్‌లో అయితే ఆటగాడిని ఇచ్చే క్లబ్బుకి తీసుకునే క్లబ్బు డబ్బు కడుతుంది, చిన్న క్లబ్బులు చాలావరకు దాని మీదే బతుకుతాయి. సైక్లింగ్‌లో ఆ పద్ధతి స్థిరపడలేదు. కాంట్రాక్టు ముగిసిందంటే రైడర్ ఎవరికీ ఏమీ కట్టకుండా వెళ్లిపోవచ్చు. పెంచిన జట్టుకి మిగిలేది పాత ఫొటోలే.

పైగా జట్టుకి సొంత ఆదాయం అంటూ పెద్దగా ఉండదు. స్టేడియం లేదు కాబట్టి టికెట్ లేదు. రోడ్డు పక్కన నిలబడి ఎవరైనా చూడొచ్చు. టూర్ డి ఫ్రాన్స్‌ని నడిపేది ఏఎస్‌ఓ అనే ఫ్రెంచి సంస్థ. ప్రసార హక్కుల డబ్బు దానిదే, జట్లకి అందులో వాటా లేదు. మరి జట్టు దేని మీద బతుకుతుంది? జెర్సీ మీద పేరున్న స్పాన్సర్ మీద. జట్టు పేరే స్పాన్సర్ పేరు. సూపర్ మార్కెట్, సాఫ్ట్‌వేర్ కంపెనీ, లాటరీ సంస్థ, లేకపోతే ఒక దేశ ప్రభుత్వం. ఆ కంపెనీలో కొత్త అధికారి వచ్చి ఈ ఖర్చు మనకెందుకు అన్నాడంటే, ముప్ఫై మంది రైడర్లు, మెకానిక్‌లు, మసాజ్ చేసేవాళ్లు, బస్సు డ్రైవర్లు, వంటవాళ్లు అందరూ రోడ్డున పడతారు.

గెలిస్తే జట్టు నిలుస్తుందనుకుంటాం. అదీ నిజం కాదు. హెచ్‌టీసీ-హైరోడ్ అనే జట్టు ఆ కాలంలో అందరికంటే ఎక్కువ రేసులు గెలుస్తుండేది. ఆఖరి మీటర్లలో అందరినీ దాటేసే బ్రిటన్ స్ప్రింటర్ మార్క్ కావెండిష్ అందులోనే ఉన్నాడు. 2011 చివర స్పాన్సర్ దొరక్క మూతపడింది. కావెండిష్ టీమ్ స్కైకి పోయాడు, టోనీ మార్టిన్ బెల్జియం జట్టుకి, కావెండిష్‌ని చివరి వందల మీటర్లలో నడిపించే మార్క్ రెన్‌షా డచ్ జట్టుకి. ఏళ్ల తరబడి కలిసి తొక్కి ఒకరి కదలిక ఒకరికి చూడకుండానే తెలిసిన బృందం నాలుగు దిక్కులా చెదిరిపోయింది.

ఇప్పుడు ఒక మనిషి గురించి కొంచెం నిదానంగా చెబుతాను. బినియమ్ గిర్మాయ్. ఎరిట్రియా రాజధాని అస్మారా కుర్రాడు. ఇటలీ పాలన నాటి నుంచి ఆ ఊళ్లో సైకిల్ రేసులంటే ప్రాణం. స్విట్జర్లాండ్‌లోని ఎగ్ల్‌లో యూసీఐకి ఒక శిక్షణ కేంద్రం ఉంది. సైకిల్ రేసింగ్ బాగా వేళ్లూనని దేశాల పిల్లల్ని అక్కడికి తెచ్చి తయారుచేస్తారు. గిర్మాయ్ ఆ దారిలో వచ్చి 2020లో డెల్కో అనే ఫ్రెంచి జట్టులో చేరాడు. మరుసటి ఏడాదే ఆ జట్టు డబ్బు ఇబ్బందుల్లో కూరుకుపోయింది. సొంత దేశానికి వేల మైళ్ల దూరంలో, 21 ఏళ్ల వయసులో, జట్టు నిలుస్తుందో లేదో తెలియని పరిస్థితి. 2021 ఆగస్టులో ఇంటర్‌మార్షే-వాంటీ అనే బెల్జియం జట్టు అతన్ని తీసుకుంది. వరల్డ్‌టూర్‌లో, అంటే అగ్రశ్రేణి జట్లలో, అది చిన్న బడ్జెట్ జట్టు, పెద్ద పేర్లు కొనే స్తోమత లేనిది.

తర్వాత జరిగింది మీలో చాలామందికి తెలుసు. ఆ సెప్టెంబరులోనే బెల్జియంలోని ల్యూవెన్‌లో అండర్-23 ప్రపంచ పోటీల్లో రజతం. 2022 మార్చిలో బెల్జియంలో హెంట్-వెవెల్హెమ్ అనే ఒకరోజు రేసు గెలిచాడు. రాళ్లు పరిచిన ఆ ఫ్లాండర్స్ దారుల క్లాసిక్ రేసుల్లో ఆఫ్రికన్ రైడర్ గెలవడం అదే మొదలు. అదే ఏడాది ఇటలీలో మూడు వారాలు నడిచే జీరో డి ఇటాలియాలో, యేజీ ఊళ్లో, నెదర్లాండ్స్ మేటి రైడర్ మథ్యూ వాన్ డర్ పూల్‌ని స్ప్రింట్‌లో ఓడించాడు. పోడియం మీద సీసా తెరుస్తుంటే బిరడా ఎగిరి కంటికి తగిలి రేసు మానుకోవాల్సి వచ్చింది. 2024 టూర్‌లో మూడు స్టేజ్‌లు, అంటే మూడు రోజుల రేసులు, గెలిచి, పాయింట్లలో ముందున్నవాళ్లకిచ్చే ఆకుపచ్చ జెర్సీని పారిస్ దాకా కాదు, ఆ ఏడాది ముగింపు నీస్‌లో కాబట్టి నీస్ దాకా, తీసుకెళ్లాడు. టూర్‌లో స్టేజ్ గెలిచిన తొలి నల్లజాతి ఆఫ్రికన్ అతనే. అప్పుడు అస్మారా వీధుల్లో జనం ఎలా పోగయ్యారో ఆ వీడియోలు చూస్తే మీకే తెలుస్తుంది.

అంతటి రైడర్ ఉన్నా ఆ జట్టుకి డబ్బు చాల్లేదు. 2025 చివర ఇంటర్‌మార్షే తన పొరుగు జట్టు లొట్టోతో కలిసిపోయింది. రెండు జట్ల రైడర్లు, కుర్చీలు మాత్రం ఒక జట్టుకి సరిపడా. గిర్మాయ్ 2026కి ఎన్‌ఎస్‌ఎన్ అనే జట్టుకి వెళ్లాడు. 2025 దాకా ఇజ్రాయెల్-ప్రీమియర్ టెక్ పేరుతో ఉన్న జట్టే అది, పేరూ యాజమాన్యమూ మారింది. అంటే గిర్మాయ్ జీవితంలో రెండు పెద్ద బదిలీలూ జట్టు కుప్పకూలడం వల్ల, కలిసిపోవడం వల్ల జరిగినవే. అతనికి పేరుంది కాబట్టి చోటు దొరికింది. అతనితో పాటు ఆ రెండు జట్లలో ఉండి, పేరులేక చోటు దొరకనివాళ్ల గురించి పత్రికల్లో రెండు పంక్తులు కూడా రావు. అదే ఏడాది ఫ్రెంచి జట్టు ఆర్కేయా కూడా మూతపడింది. దాని యువ రైడర్ కెవిన్ వోక్లాన్ ఆ జులైలోనే టూర్‌లో ఏడో స్థానంలో నిలిచాడు. అతను ఇనియోస్ అనే జట్టుకి వెళ్లాడు. మిగతావాళ్లు?

జట్లు మూతపడితే జీతాలు మొత్తం పోకుండా యూసీఐ దగ్గర ముందే బ్యాంకు గ్యారంటీ కట్టించుకుంటారు. అది మంచి ఏర్పాటే. కానీ కొన్ని నెలల జీతం చేతికొచ్చినా, నవంబరులో జట్టు పోయిందంటే వచ్చే సీజన్‌కి ఉద్యోగం ఎక్కడ వెతుక్కోవాలి? అప్పటికి జట్లన్నీ నిండిపోయి ఉంటాయి. నాకు బాధ కలిగించేది అక్కడే. ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఏళ్ల వయసు, చదువు మధ్యలో ఆపేసి పదేళ్లు సైకిల్ తప్ప వేరే లోకం చూడని మనిషి, తన తప్పేమీ లేకుండా డిసెంబరులో ఖాళీగా కూర్చుంటాడు.

సరే, ఇక రోడ్డు మీదికి వద్దాం. ఈ ఆటలో ఒకడు గెలవాలంటే ఏడుగురు అతని కోసం ఓడిపోవాలి. మీ అందరికీ ఇది ఒంటికి తెలిసిన సంగతే. మన ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది కదా, ఎదురుగాలి ఉన్న రోజు అక్కడ ముందు తొక్కేవాడికీ వెనక తొక్కేవాడికీ ఎంత తేడానో చూశారు. ఆ తేడాని కొనుక్కోవడమే జట్టు నిర్మాణం. అందుకే నేను ఎప్పుడూ అంటాను, ఒక పెద్ద రైడర్ జట్టు మారాడని వార్త వస్తే, అతనితో పాటు ఎవరు వెళ్లారు, అక్కడ అతని కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు అని ముందు చూడండి.

కావెండిష్ చివరి ఏళ్లు దీనికి మంచి ఉదాహరణ. 2020 అక్టోబరులో ఒక రేసు తర్వాత కెమెరా ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు, ఇదే తన ఆఖరి రేసు కావచ్చని. చేతిలో కాంట్రాక్టు లేదు. పాత జట్టు క్విక్‌స్టెప్ అతి తక్కువ జీతానికి తీసుకుంది. 2021 టూర్‌కి మొదట అనుకున్నది అతన్ని కాదు. సామ్ బెనెట్ మోకాలి గాయంతో తప్పుకుంటే ఆఖరి రోజుల్లో పిలుపొచ్చింది. నాలుగు స్టేజ్‌లు గెలిచాడు. బెల్జియం పాతకాలపు దిగ్గజం ఎడీ మెర్క్స్ పేరిట ఉన్న 34 స్టేజ్‌ల రికార్డుకి సమానమయ్యాడు. ఆ నాలుగింటి వెనకా మైకేల్ మోర్కోవ్ అనే డెన్మార్క్ రైడర్ ఉన్నాడు. ఆఖరి కిలోమీటరులో అంత రద్దీలో కావెండిష్‌ని సరిగ్గా కావలసిన చోట, కావలసిన క్షణాన వదిలేవాడు. మరుసటి ఏడాది జట్టు టూర్‌కి వేరే స్ప్రింటర్‌ని ఎంచుకుంది, కావెండిష్ ఇంట్లో ఉండిపోయాడు.

తర్వాత బీ అండ్ బీ హోటల్స్ అనే ఫ్రెంచి జట్టులో చేరతాడని అందరూ అనుకున్నారు. 2022 డిసెంబరులో ఆ జట్టే లేకుండా పోయింది. 2023 జనవరిలో కజకిస్తాన్ జట్టు ఆస్తానా చేరదీసింది. ఆ జట్టు కొండలెక్కేవాళ్ల జట్టు. స్ప్రింటర్‌ని మోసుకెళ్లే మనుషులు అక్కడ లేరు. ఆ ఏడాది టూర్‌లో బోర్డోలో రెండో స్థానం దాకా వచ్చి, మర్నాడే పడి మెడ దగ్గరి ఎముక విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు ఆస్తానా చేసిన పని నాకు ఎంతో నచ్చుతుంది. కావెండిష్‌ని ఇంకో ఏడాది ఆపుకోవడమే కాదు, 2024కి క్విక్‌స్టెప్ నుంచి మోర్కోవ్‌ని తెచ్చింది, ఇటలీ రైడర్ బల్లెరినిని తెచ్చింది, కావెండిష్‌ని తిరిగి నిలబెట్టిన గ్రీకు కోచ్ అనాస్తోపులోస్‌ని తెచ్చింది. హెచ్‌టీసీ నాటి పాత తోడు రెన్‌షా కూడా జట్టు కారులో ఉన్నాడు. చెదిరిపోయిన బృందాన్ని ముక్క ముక్కగా ఏరుకొచ్చి మళ్లీ కట్టారు. 2024 జులై 3న సాన్-వుల్బాలో 39 ఏళ్ల వయసులో 35వ స్టేజ్ గెలిచాడు. రికార్డు పుస్తకంలో ఒక్క పేరే ఉంటుంది. కానీ ఆ గెలుపుకి పునాది ముందు ఏడాది శరత్కాలంలో పెట్టిన ఆ సంతకాల్లో ఉంది.

ఇంకోటి చెబుతాను, ఇది 2025 జీరో. సైమన్ యేట్స్, ఆడమ్ యేట్స్ అని ఇంగ్లండ్ కవల సోదరులు ఉన్నారు. ఇద్దరూ 2014లో ఒకే ఆస్ట్రేలియా జట్టులో ప్రొఫెషనల్స్‌గా మొదలయ్యారు. ఆడమ్ ముందు వేరుపడ్డాడు, ఇనియోస్‌కి, ఆ తర్వాత యూఏఈ జట్టుకి. సైమన్ మాత్రం పదకొండేళ్లు ఆ ఒక్క జట్టులోనే ఉండి, 2025కి విస్మా జట్టుకి మారాడు. 2018 జీరోలో సైమన్ పదమూడు రోజులు, మొత్తం రేసులో ముందున్నవాళ్లకిచ్చే గులాబీ జెర్సీ వేసుకుని, కోలే డెల్లే ఫినెస్ట్రే అనే కొండ మీద కుప్పకూలాడు. మట్టిరోడ్డు కొండ అది. ఆ ఒక్క రోజే 38 నిమిషాలకి పైగా పోయాయి. క్రిస్ ఫ్రూమ్ అదే కొండ మీద ఒంటరిగా దూసుకెళ్లి ఆ జీరో గెలిచాడు.

2025లో చివరి నుంచి రెండో రోజు మళ్లీ అదే కొండ. సైమన్ అప్పటికి మూడో స్థానంలో, నిమిషం ఇరవై ఒక్క సెకన్లు వెనక. ముందున్నది యూఏఈ కుర్రాడు ఇసాక్ డెల్ టోరో, రెండో స్థానంలో రిచర్డ్ కరపాజ్. సైమన్ కొండ మీద దాడి చేశాడు. డెల్ టోరో, కరపాజ్ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండిపోయారు, తరిమే భారం నీదంటే నీదని. ఇక్కడ విస్మా పన్నిన వ్యూహం చూడండి. పొద్దున్నే వౌట్ వాన్ ఆర్ట్‌ని ముందు గుంపులో పంపించింది. తన పేరు మీద క్లాసిక్‌లు గెలిచిన పెద్ద రైడర్ అతను. కొండ దాటాక సైమన్ అతన్ని చేరుకున్నాడు. లోయలో చదును రోడ్డు మీద వాన్ ఆర్ట్ అతన్ని వెనక పెట్టుకుని ఉన్న బలమంతా పోసి లాగాడు. అక్కడే జీరో తేలిపోయింది. సైమన్ దాదాపు నాలుగు నిమిషాల తేడాతో విజేత. ఓడిన యూఏఈ జట్టులో కవల సోదరుడు ఆడమ్ ఉన్నాడు. ఆ రోజు స్టేజ్ గెలిచింది క్రిస్ హార్పర్, సైమన్ విడిచొచ్చిన పాత జట్టు రైడర్.

సైమన్ పాత జట్టులోనే ఉండుంటే ఆ లోయలో అతనికి వాన్ ఆర్ట్ లాంటివాడు దొరికేవాడా? నాకైతే నమ్మకం లేదు. కాళ్లు అవే, పక్కనున్న మనుషులు మారారు.

ఇంత విలువ ఉన్న సహాయకులకి పాయింట్ల పట్టికలో చోటు దాదాపు లేదు. వరల్డ్‌టూర్‌లో 18 జట్లు ఉంటాయి. మూడేళ్లకోసారి పాయింట్లు లెక్కేసి కింద ఉన్నవాళ్లని రెండో శ్రేణికి దించుతారు. 2022 చివర అలా లొట్టో, ఇజ్రాయెల్ జట్లు దిగిపోయాయి. పాయింట్లు రేసు ముగింపులో ముందున్నవాళ్లకే వస్తాయి. ఆ కాలంలో టూర్ డి ఫ్రాన్స్‌లో ఒక స్టేజ్ గెలిస్తే 120 పాయింట్లు, చాలామంది పేరు కూడా వినని చిన్న ఒకరోజు రేసు గెలిస్తే 125. తర్వాత టూర్ స్టేజ్‌కి 210 చేశారు, కొంత నయం. కానీ దీనివల్ల ఆగస్టు బేరాల్లో ఏమైందంటే, దిగిపోతామని భయపడే జట్లు చిన్న రేసుల్లో అయిదో స్థానం, ఆరో స్థానం తెచ్చేవాళ్ల కోసం ఎగబడ్డాయి. ఆస్తానా 2025కి ముందు చాలా వెనకబడి ఉండి, చైనా సైకిల్ కంపెనీ ఎక్స్‌డీఎస్ డబ్బుతో పాయింట్లు తేగలవాళ్లని ఏరుకుని, ఆ ఒక్క ఏడాదిలో గట్టెక్కింది. జట్టుని తప్పు పట్టను, నియమం అలా ఉంటే వాళ్లేం చేస్తారు? నియమమే మారాలి. నాయకుడు పోడియం ఎక్కితే అతని కోసం తొక్కినవాళ్లకీ కొన్ని పాయింట్లు పడాలి. అప్పుడే కాంట్రాక్టు మాట్లాడేటప్పుడు వాళ్ల చేతిలో చూపించడానికి ఏదైనా ఉంటుంది.

సెప్ కుస్ సంగతి ఇక్కడే చెప్పాలి. 2023లో జీరోలో ప్రిమోజ్ రోగ్లిచ్‌ని, టూర్‌లో యోనస్ వింగెగోర్‌ని కొండలు ఎక్కించి గెలిపించిన సహాయకుడు. అదే ఏడాది మూడో పెద్ద రేసు, స్పెయిన్‌లో జరిగే వుయెల్టాలో, ముందున్నవాళ్లు వేసుకునే ఎర్ర జెర్సీ అతనికే వచ్చింది. ఆంగ్లిరు కొండ మీద ఆ ఇద్దరు నాయకులూ అతన్ని వెనక వదిలి వెళ్లిపోయారు. 8 సెకన్ల తేడాతో జెర్సీ నిలిచింది. చివరికి జట్టు కుస్ కోసమే తొక్కింది, మొదటి మూడు స్థానాలూ వాళ్లవే. కొద్ది వారాలకే రోగ్లిచ్ ఆ జట్టు విడిచి బోరా అనే జట్టుకి వెళ్లాడు. వింగెగోర్ ఉండగా టూర్‌లో తనకి నాయకత్వం రాదని అర్థమైంది. 2024లో కొత్త జట్టుతో నాలుగో వుయెల్టా గెలిచాడు. అది సరైన బదిలీ అనే నా లెక్క.

ఆడవాళ్ల రేసుల్లో ఇంతకంటే పదునైన సంఘటన ఉంది. డెమీ వోలెరింగ్, నెదర్లాండ్స్ రైడర్. 2024లో ఎస్‌డీ వర్క్స్ జట్టులో ఆఖరి ఏడాది, వెళ్లిపోతుందని లోకమంతా అనుకుంటోంది. ఆడవాళ్ల టూర్ అయిన టూర్ డి ఫ్రాన్స్ ఫామ్‌లో, ముందున్నవాళ్లకిచ్చే పసుపు జెర్సీ ఆమె ఒంటి మీద ఉండగా, అయిదో స్టేజ్‌లో అమ్‌నెవీల్ దగ్గర ముగింపుకి కొద్ది కిలోమీటర్ల ముందు పడిపోయింది. లేచి గమ్యం చేరేసరికి నిమిషం నలభై ఏడు సెకన్లు పోయాయి. ఆ రోజు స్టేజ్ గెలిచింది ఆమె సహచరి బ్లాంకా వాస్. నాయకురాలు వెనక ఉంటే జట్టు ముందు గెలుస్తోంది. ఆమె పడినట్టు తెలియలేదని జట్టు చెప్పింది. ఆఖరి రోజు ఆల్ప్ దుయెజ్ కొండ మీద వోలెరింగ్ స్టేజ్ గెలిచింది, రేసు మాత్రం కాశా నియెవియాదోమాకి 4 సెకన్ల తేడాతో పోయింది. మగవాళ్ల టూర్ చరిత్రలో కూడా అతి చిన్న తేడా 8 సెకన్లు, 1989లో. ఎవరి మనసులో ఏముందో నేను తీర్పు చెప్పను. కానీ ముగిసిపోతున్న కాంట్రాక్టు రోడ్డు మీద ఎంత బరువో ఆ నాలుగు సెకన్లు చూస్తే తెలుస్తుంది. 2025కి ఆమె ఫ్రెంచి జట్టు ఎఫ్‌డీజే-సుయెజ్‌కి వెళ్లింది. ఆమెతో పాటు ఆ జట్టు సైకిళ్లు కూడా స్పెషలైజ్డ్ బ్రాండ్‌కి మారాయి. ఆడవాళ్ల వరల్డ్‌టూర్‌లో కనీస జీతం అన్నది 2020లోనే వచ్చింది, 15 వేల యూరోలతో. ఇప్పుడు ఒక రైడర్ కోసం జట్టు సైకిల్ బ్రాండ్ మార్చుకునే దశకి వచ్చింది. ఇది చాలా సంతోషించాల్సిన మార్పు.

కాంట్రాక్టు మధ్యలో తెంచుకోవడం గురించి కూడా నాలుగు మాటలు. ఇది ఈ మధ్య పెరిగింది. వాన్ ఆర్ట్ 2018లో తన జట్టు వేరే జట్టుతో కలుస్తోందని తెలిసి కాంట్రాక్టు రద్దు చేసుకున్నాడు. 2020లో బెల్జియం అప్పీలు కోర్టు పాత యజమానికి 6,62,000 యూరోలు కట్టమంది. టామ్ పిడ్‌కాక్ 2027 దాకా ఉన్న కాంట్రాక్టు వదిలి, ఇనియోస్ నుంచి రెండో శ్రేణి జట్టు క్యూ36.5కి దిగాడు. అందరూ వింతగా చూశారు. 2025 వుయెల్టాలో మూడో స్థానం తెచ్చుకున్నాడు. హువాన్ ఆయుసో 2028 దాకా ఉన్న కాంట్రాక్టు తెంచుకుని యూఏఈ నుంచి లిడ్ల్-ట్రెక్‌కి వెళ్లాడు. రెమ్కో ఎవెనెపూల్ క్విక్‌స్టెప్‌ని ఒక ఏడాది ముందే విడిచి రెడ్‌బుల్-బోరాకి. వీళ్లంతా పెద్ద పేర్లు, లాయర్లూ ఏజెంట్లూ ఉన్నవాళ్లు. వీళ్ల విషయంలో రెండు వైపులా మాట్లాడుకుని విడిపోవడం సాగుతుంది. నా మనసు మాత్రం పెంచిన జట్టు వైపే ఉంటుంది. ఎవెనెపూల్‌ని జూనియర్ల నుంచి నేరుగా తీసుకొచ్చి, 2020లో వంతెన మీద నుంచి లోయలో పడి కటి ఎముక విరిగితే కాచుకుని నిలబెట్టింది క్విక్‌స్టెప్. అలాంటి జట్టుకి వెళ్లేటప్పుడు పరిహారం అందేలా అందరికీ ఒకటే నియమం ఉండాలి. చాటుగా, మనిషికో రకంగా బేరమాడుకోవడం కాదు.

ఇక ప్రశ్నలు తీసుకుంటాను.

(సభ నుంచి ప్రశ్న: పొగాచర్‌ని ఎవరైనా కొనగలరా?)

స్లోవేనియా మేటి రైడర్ పొగాచర్ కాంట్రాక్టుని 2024 అక్టోబరులో యూఏఈ జట్టు 2030 దాకా పొడిగించింది. మధ్యలో విడిపించుకోవాలంటే 20 కోట్ల యూరోలు కట్టాలనే షరతు ఉందని యూరప్ పత్రికలు రాశాయి. ఏ జట్టు ఏడాది బడ్జెట్ అయినా దాని దరిదాపుల్లోకి రాదు. కాబట్టి జవాబు, లేదు.

(సభ నుంచి ప్రశ్న: మన పిల్లలకి అలాంటి జట్టులో చోటు దొరికే దారి ఉందా సార్?)

దారి ఉంది, పొడవైనది. 2019లో మన జూనియర్లు ట్రాక్ మీద టీమ్ స్ప్రింట్‌లో ప్రపంచ విజేతలయ్యారు, అంటే కాళ్లకి కొదవ లేదు. రోడ్డు రేసులకి కావాల్సింది వందమందికి పైగా ఉన్న గుంపులో తొక్కే అలవాటు, అది రేసులు ఆడితేనే వస్తుంది. 2026 జనవరిలో పుణెలో యూసీఐ స్థాయి స్టేజ్ రేసు జరిగింది, మంచి మొదలు. జట్లు పిల్లల్ని వెతికేది అండర్-23 రేసుల్లో. టూర్ డి లవెనీర్ అని ఫ్రాన్స్‌లో ఒకటుంది. 2018లో పొగాచర్, 2023లో డెల్ టోరో గెలిచినది అదే. మెక్సికో నుంచి వచ్చిన డెల్ టోరో అది గెలిచాక యూఏఈలో చేరాడు. మన దగ్గర పదహారు పదిహేడేళ్ల పిల్లలు ఎవరైనా నిజంగా వేగంగా ఉంటే, ఇంట్లోవాళ్లకి స్తోమత ఉంటే ముందు చేయాల్సింది ఖరీదైన సైకిల్ కొనడం కాదు. ఒక వేసవి బెల్జియంలో ఉంచండి. అక్కడ వారంలో రెండు మూడు రోజులు ఊరి రేసులు ఉంటాయి.

(సభ నుంచి ప్రశ్న: ఈ ఏడాది, 2026లో, మీరు ఏ బదిలీని గమనిస్తున్నారు?)

ఎవెనెపూల్‌దే. ఎందుకంటే అతను వెళ్లిన జట్టులో ముందే రోగ్లిచ్ ఉన్నాడు, 2025 టూర్‌లో మూడో స్థానం తెచ్చిన ఫ్లోరియన్ లిపోవిట్స్ ఉన్నాడు. ముగ్గురూ నాయకులే. కొండ మీద ఎవరో ఒకరు ఆగి ఇంకొకరి కోసం తొక్కాల్సిన రోజు వస్తుంది. జులైలో ఆ రోజు ఎవరు ఆగుతారో చూద్దాం. మిగిలిన ప్రశ్నలు బయట టీ దగ్గర మాట్లాడుకుందాం, ఎండ ముదరకముందే తిరుగు రైడ్‌కి బయల్దేరాల్సినవాళ్లు ఉన్నారు. నమస్కారం.